మంచులో మొయినాబాద్

"ఎడమకు తిరుగు అన్నా, ఎడమకు! నల్ల గేటు దాటినంక ఎడమకు!"

జానీ ఫోన్‌లో గట్టిగా చెబుతున్నాడు. అవతల ఉన్నది వాషింగ్ మెషిన్ బాగు చేసే మెకానిక్. చేవెళ్ల వైపు నుంచి వస్తున్నానని అతను మొదటే చెప్పాడు. ఆ మాట వంటింట్లో చపాతీలు ఒత్తుతున్న కృపకు కూడా వినిపించింది.

"ఆయన అటుకెల్లి వస్తుండు. మన రోడ్డు ఆయనకు కుడి చేతి మీద వస్తది," అన్నది భర్తతో.

"నా ఇల్లెక్కడున్నదో నాకు తెల్వదా?"

"మీకు తెలుసు. ఆయనకు తెల్వదు."

జానీ ఒక కాలేజీ ఆఫీసులో క్లర్కు. రోజూ సిటీ వైపు నుంచే ఇంటికి వస్తాడు కాబట్టి ఆయనకు అది ఎడమే. ఇక నల్ల గేటు సంగతి చెప్పనక్కర లేదు. సురంగల్ రోడ్డు మీద ఏ ఫామ్‌హౌస్ చూసినా తెల్ల గోడ, నల్ల గేటే. కాసేపటికి మెకానిక్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఎవరిదో గేటు ముందర నిలబడ్డాడట, కుక్క మీదికి వస్తున్నదట. "రేపొస్త సార్," అని పెట్టేశాడు.

"నువ్వు నడుమల మాట్లాడినందుకే ఆయన పరేషానయిండు," అన్నాడు జానీ.

"నేను మాట్లాడకపోతే ఇంకో ఊరు పోయి జన్వాడల తేలుతుండె."

గోంగూర ఏరుతున్న పద్మమ్మ తలెత్తకుండానే కొడుకునూ కోడలినీ కలిపి అన్నది. "ఫోన్ల చెయ్యి చూపిస్తె కనవడ్తదా? బట్టలు నేను పిండుత తియ్యి, ఇద్దరు నోర్లు మూసుకోన్రి."

జానీ కోపంగా టిఫిన్ డబ్బా తీసుకోకుండా బండెక్కాడు. గేటు దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, డబ్బా తీసుకొని ఎవరినీ చూడకుండా పోయాడు.

పనులు అయ్యేసరికి పదకొండు దాటింది. పద్మమ్మ పక్కింటికి పోయింది. కృప తినే బల్ల తుడిచి దాని మీద లాప్‌టాప్ తెరిచింది. కూతురు అక్షయ నర్సింగ్ చదవడానికి హాస్టల్‌కు పోతూ వదిలేసిన పాతది. దాని మీటల్లో రెండు గట్టిగా నొక్కితే గాని పలకవు.

వాళ్ళ చర్చి సంఘంలో ప్రతి గురువారం ఒక్కో ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. కొత్తగా వచ్చే ఆడవాళ్ళు ఆ తెల్ల గోడల మధ్య తప్పిపోయి, పాటలన్నీ అయిపోయాక ఇల్లు చేరుతుంటారు. ఫోన్‌లో తెరిస్తే ఈ వారం ఏ ఇల్లో మ్యాప్ మీద కనబడేలా ఒక పేజీ తయారు చేయాలని కృప అనుకున్నది.

"వాట్సప్‌ల లొకేషన్ పెడితె అయిపాయె గదా," అన్నాడు జానీ ఆ సంగతి విని. నిజమే, అయిపోతుంది. తన చేతులతో ఒకటి తయారు చేయాలని ఉన్నదని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే కొందరు తీరిక వేళల్లో నడిపే ఉచిత పాఠాలు ఆమెకు దొరికాయి. వెబ్ పేజీ మీద మ్యాప్ పెట్టడం ఏమీ తెలియనివాళ్ళకు కూడా నేర్పుతామని పైన రాసుకున్నారు. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి. కృపకు ఇంగ్లీషు కష్టం కాదు, డిగ్రీ చదివింది, జాగ్రఫీ ఆమె సబ్జెక్టు. ఆమెను ఇబ్బంది పెట్టింది వేరే. "సింపుల్‌గా ఇది చేయండి" అని రాసిన ప్రతిచోటా ఆమె ఆగిపోయేది. అందరికీ సింపుల్ అయినది తనకెందుకు కాలేదని ఆలోచిస్తూ కూర్చునేది.

రెండో పాఠం వరకు ఎట్లాగో వచ్చింది. వాళ్ళు ఇచ్చిన లండన్ మ్యాప్ ఆమె పేజీలో కనబడింది. ఆ రోజంతా ఆమె ఏ పని చేస్తున్నా మధ్య మధ్య వచ్చి దాన్ని చూసుకున్నది.

మూడో పాఠంలో ఇట్లా ఉన్నది. "లండన్ అంకెలు తీసేసి మీ ఊరి అంకెలు పెట్టండి. అంతే! మీ ఊరు మీ ముందు ఉంటుంది."

కృప తన ఫోన్ మ్యాప్‌లో ఇంటి మీద వేలు పెట్టి, ఆ చోటు భూమి మీద ఎక్కడున్నదో చెప్పే రెండు అంకెలను కనబడిన వరుసలోనే రాసింది. గుర్తు పక్కన "మా ఇల్లు" అని పెట్టింది. పేజీ తెరిస్తే ఊరు లేదు. పేజీ అంతా తెలుపు. నడుమ ఎర్ర గుర్తు, పక్కన మా ఇల్లు అన్న మాట.

తప్పు చేస్తే కంప్యూటర్ ఎర్ర అక్షరాల్లో చెబుతుందని పాఠంలోనే ఉన్నది. ఎర్ర అక్షరాలు రాలేదు. తిట్టడానికి కూడా ఎవరూ లేని ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. అంకెలు మళ్ళీ రాసింది. మొదటి పాఠం నుంచి మళ్ళీ చేసింది. అదే తెలుపు.

నేర్చుకునేవాళ్ళు ప్రశ్నలు అడిగే చోట తన సంగతి రాసి పెట్టింది. మరునాడు ఎవరో ఒక జవాబు రాశారు. "నాకు బాగానే వస్తోంది. బేసిక్స్ చూసుకోండి." దాని కింద ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు.

ఆ వారమంతా కృప బేసిక్స్ చూసుకున్నది. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, గురువారం ప్రార్థనలో కళ్ళు మూసుకొని కూడా. మెకానిక్ వచ్చి మెషిన్ బాగు చేసి పోయాడు. ఆమె పేజీ మాత్రం బాగు కాలేదు. ఎవరితో అనాలి? పద్మమ్మకు చెబితే "కండ్లు పోతయి బిడ్డా" అంటుంది. అక్షయకు ఫోన్ చేస్తే ఎప్పుడూ డ్యూటీలోనో నిద్రలోనో ఉంటుంది.

సంగతి తెలిసింది తడిబట్ట వల్ల. బల్ల తుడుస్తూ లాప్‌టాప్‌ను పక్కకు జరపబోతే, బట్ట కింద వేళ్ళు దాని టచ్‌ప్యాడ్ మీద ఒరుసుకున్నాయి. తెలుపు ఒక్కసారిగా చిన్నదయింది. అంచున నీలం కనబడింది. కృప బట్ట వదిలేసి, ఈసారి కావాలనే మ్యాప్‌ను దూరం చేస్తూ పోయింది. సముద్రం వచ్చింది, నోరు తిరగని పేర్లు వచ్చాయి, చాలా కిందికి వెళ్తే నార్వే వచ్చింది. ఆమె ఇల్లు ఉత్తర ధ్రువం దగ్గర ఒక దీవిలో, మంచు మీద ఉన్నది.

పేజీ మొదటి నుంచీ సరిగ్గానే పనిచేస్తున్నది. ఫోన్ అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చూపించింది. పాఠంలోని మ్యాప్‌కు రేఖాంశం ముందు కావాలి. ఆ ఒక్క మాట పాఠంలో లేదు. అంకెలు అటూ ఇటూ మార్చగానే మొయినాబాద్ వచ్చి కూర్చున్నది, రోడ్డుతో సహా.

అప్పుడామెకు ఇంకొకటి అర్థమైంది. జపాన్‌లో ఉన్న మనిషి ఇదే తప్పు చేస్తే వెంటనే తెలిసిపోతుంది. వాళ్ళ రేఖాంశం నూట ముప్పై పైన ఉంటుంది. తొంభై దాటిన అక్షాంశం భూమి మీద లేదు కాబట్టి కంప్యూటర్ ఒప్పుకోదు, ఎర్ర అక్షరాల్లో అరుస్తుంది. మన చుట్టుపక్కల రేఖాంశం డెబ్బై ఎనిమిది. అది అక్షాంశంగా కూడా చెల్లుతుంది. చేవెళ్ల వాళ్ళయినా, శంకర్‌పల్లి వాళ్ళయినా, ఈ పాఠం చదివి అంకెలు తిరగేసి పెట్టినవాళ్ళంతా చప్పుడు లేకుండా పోయి ఆ మంచులోనే పడతారు. ఒకరి పక్కన ఒకరు పడినా ఒకరికొకరు కనబడరు.

సాయంత్రం జానీకి చెప్పింది. "మన ఇల్లు ఉత్తర ధ్రువం దగ్గర పడ్డది ఇన్ని దినాలు."

"ఏడ?"

"మ్యాప్‌ల."

"అక్కడన్న మెకానిక్ సక్కగొస్తడా?" అని ఆయనే నవ్వి, ఫోన్ చూసుకోసాగాడు. కృప కూడా నవ్వింది. కాని ఎందుకట్లా పడ్డదని అడుగుతాడేమో అని అక్కడే కాసేపు నిలబడ్డది. ఆయన అడగలేదు.

తెల్ల పేజీ ఎందుకు వచ్చిందో ఆమె ప్రశ్నల చోట వివరంగా రాసి పెట్టింది. రెండు రోజులకు ఆ పాఠాలు చూసుకునే శశిధర్ అనే ఆయన జవాబిచ్చాడు. "మేడమ్, మూడో పాఠం దగ్గరే చాలామంది మానేస్తున్నారు. వాళ్ళకు ఓపిక లేదనుకున్నాం. మీరే దాన్ని తెలుగులో తిరగరాస్తారా?"

కృప ఆ మాటను మూడుసార్లు చదువుకున్నది. ఆ పాఠం మారితే, తెల్ల పేజీ ముందు కూర్చొని తనకు బుర్ర లేదనుకునే మనిషి ఒకరైనా తగ్గుతారు. ఇంకొకటి కూడా ఉన్నది. ఈ ఇంటికీ సంఘానికీ బయట తను చేసిన పని ఒకచోట ఉంటుంది. ఎక్కడివాళ్ళో దాన్ని చదువుతారు.

పాఠం రాయడానికి పదిరోజులు పట్టింది. "సింపుల్‌గా" అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. ఫైల్ పెట్టడం దగ్గర మొదలుపెట్టి, ఏ అంకె ముందు, ఏది వెనక, తెల్ల పేజీ కనబడితే ఏం చేయాలి, అన్నీ రాసింది. శశిధర్ చూసి ఇట్లా రాశాడు. "బాగుంది. కాని పొడుగైందని మావాళ్ళలో కొందరి గొణుగుడు. ఒక పని చేద్దాం. ఇది ఎన్నడూ చేయని ఒక్క మనిషి, మిమ్మల్ని ఏదీ అడగకుండా పాఠం పూర్తి చేస్తే చాలు. పాతది తీసేసి మీది పెడతాం."

ఆ మనిషి ఎవరన్నది కృప ఆలోచించనవసరం లేకపోయింది. జానీ చెల్లెలు షారోన్ చేవెళ్లలో ఉంటుంది. డిగ్రీ అయ్యాక పెళ్ళి, వెంటనే బిడ్డ. భర్త ఆఫీసు లాప్‌టాప్ శనివారం ఇంట్లో ఉంటుంది. ఫోన్ చేస్తే "రా వదినా, నాక్కూడ పొద్దు పోతలేదు," అన్నది.

శనివారం కృప బస్సులో చేవెళ్ల పోయింది. షారోన్ బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టి, జుట్టు ముడేసుకొని ఉత్సాహంగా కూర్చున్నది.

"నన్నేం అడగొద్దు," అన్నది కృప. "నేను లేననుకో."

"ఏందో, పదో తరగతి పరీక్షకు గూసున్నట్టున్నది," అని నవ్వింది షారోన్.

షారోన్ పెదాలు కదిలిస్తూ చదివింది. ఫోల్డర్ పెట్టింది, ఫైల్ పెట్టింది. లండన్ వచ్చింది. అంకెల వరుస దగ్గర ఆగి, చదివి, చేవెళ్ల అంకెలు సరిగ్గా పెట్టింది. "సేవ్ చేసి బ్రౌజర్‌లో చూడండి" అన్న వాక్యం దగ్గరికి వచ్చింది. సేవ్ చేసింది. చూసింది. లండనే ఉన్నది.

చూస్తూ కూర్చున్నది.

"సేవ్ చేసిన వదినా. ఏమైతలేదు."

"అడగొద్దన్న గదా. మళ్ల చదువు."

"చదివిన."

తెరిచి ఉన్న పేజీ తనంతట తాను మారదు. రిఫ్రెష్ మీట నొక్కాలి. ఆ సంగతి కృప వేళ్ళకు ఎంత అలవాటైందంటే, రాయాలని కూడా తోచలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే పరీక్ష పోతుంది. గోడకున్న క్యాలెండర్ వైపు తిరిగి, దాని మీది బైబిల్ వాక్యం చదువుతున్నట్టు కూర్చున్నది. షారోన్ అంకెలు మార్చింది, మళ్ళీ మార్చింది, సరిగ్గా ఉన్నదేదో చెరిపింది. చివరికి లండన్ కూడా పోయింది. ఉయ్యాలలో బిడ్డ కదిలింది.

"నా తలకాయకెక్కది గిది," అని షారోన్ లాప్‌టాప్ మూసేసింది. "బిడ్డ పుట్టినంక అన్ని మర్చిపోయిన."

"తప్పు నీది గాదు షారోన్."

"మరెవరిది? నువ్వు అన్ని విప్పి విప్పి రాసినవ్. గంత మంచిగ రాసినంక కూడ రాకపోతె తప్పు నాదే గదా."

కృప లాప్‌టాప్ తెరిచి, చెడినదాన్ని సరిచేసి, ఆ మీట నొక్కి చూపించింది. చేవెళ్ల వచ్చింది. బస్టాండు, మార్కెట్, షారోన్ వాళ్ళ గల్లీ. షారోన్ మ్యాప్ వైపు చూడలేదు.

"గంతేనా?" అన్నది. "గంత దానికి గింతసేపు నా మొఖం సూసుకుంట గూసున్నవా? చెప్తె ఏం పోతుండె నీది?"

చాయ్ తాగి పొమ్మని కూడా అనలేదు. కృప తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఒకదాని తర్వాత ఒకటి వస్తున్న తెల్ల గోడలను చూస్తూ మొయినాబాద్ చేరింది. ఆ రోజు నుంచి ఫోన్ చేస్తే షారోన్ ఎత్తలేదు. "బిడ్డ పండుకున్నది" అని ఒకసారి మెసేజ్ పెట్టింది, అంతే. రోజూ మధ్యాహ్నం పూట షారోన్ చేసే ఆ ఒక్క ఫోన్ ఇంట్లో ఎంత చోటు ఆక్రమించేదో, అది ఆగిపోయాక తెలిసింది. తెల్ల పేజీ ముందు తను ఎట్లా కూర్చున్నదో, షారోన్‌ను కూడా తనే అట్లా కూర్చోబెట్టింది. తనకు కనీసం పక్కన ఎవరూ లేరు. షారోన్‌కు పక్కన మనిషి ఉండి కూడా పలకలేదు.

జరిగింది జరిగినట్టు శశిధర్‌కు రాసింది. పాఠం ఫెయిలయిందని, చదివిన మనిషి కాదని రాసింది. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఒక్కరికి రాకపోతే ఏమైంది మేడమ్? పాతదాని కన్నా చాలా నయం. రిఫ్రెష్ మాట చేర్చండి, ఆదివారం సాయంత్రం పెట్టేస్తాను. ఎట్లా కనబడుతుందో పంపుతున్నా, చూడండి."

పంపిన పేజీలో పాఠం కింద చిన్న అక్షరాల్లో ఉన్నది. "రాసినవారు: కృప, మొయినాబాద్."

ఆమె రిఫ్రెష్ మాట చేర్చింది. తర్వాత ఏ మాట మిగిలిందా అని మొదటి నుంచి చదివింది. చదువుతున్న కొద్దీ ఏ వాక్యం మీదా నమ్మకం కుదరలేదు. షారోన్ ఆ రిఫ్రెష్ దగ్గరే ఆగిపోయింది. దాని తర్వాత ఇంకా సగం పాఠం ఉన్నది. ఆ సగంలో ఎవరూ నడవలేదు. ఎక్కడెక్కడ ఏ గుంట ఉన్నదో తనకు కనబడదు, తను వాటిని ఎప్పుడో దాటేసింది. పేరు మాత్రం కింద నిలబడి ఉన్నది.

శనివారం పొద్దున శశిధర్‌కు ఇంకో మెసేజ్ రాసి, పంపి, లాప్‌టాప్ మూసేసింది. ఏం రాసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పద్మమ్మ కూతురిని ఇంటికి పిలిచింది. బగారా అన్నం, కోడికూర. షారోన్ బిడ్డను చంకనేసుకొని వచ్చింది. తల్లితో మాట్లాడింది, అన్నతో మాట్లాడింది, కృప నీళ్ళ గ్లాసు అందిస్తే తీసుకొని పక్కన పెట్టింది.

"వదినా మరదళ్లు మాట్లాడుకుంటలేరేందే?" అన్నది పద్మమ్మ అన్నం వడ్డిస్తూ. "కూర ఎవల దిక్కు జరుపాల్నో తెలుస్తలేదు నాకు."

"నాకేమున్నది అమ్మా. నాకు తెలివి లేదని పరీక్ష పెట్టి మరీ తెలుసుకున్నది నీ కోడలు," అన్నది షారోన్.

"పరీక్షేంది?" అన్నాడు జానీ.

కృప వడ్డించడం ఆపి, తను కూడా ప్లేటు తీసుకొని కూర్చున్నది. మామూలుగా అందరూ తిన్నాక తింటుంది. జానీ ఆమె వైపు చూశాడు.

"పరీక్ష షారోన్‌కు గాదు, నేను రాసిన పాఠానికి," అన్నది. "ఆ సంగతి ముందుగాల చెప్పకుంట కూసోవెట్టిన. ఇయ్యాల సాయంత్రం అది అందరు చూసే చోట పెడుతమన్నరు, కింద నా పేరు వేసి. వద్దని నిన్న రాసిన."

"పేరేస్తమంటె వద్దన్నవా?" జానీ ముద్ద చేతిలో పట్టుకొని ఆగాడు. "నెలన్నర నుంచి దానితోనే ఉన్నవ్ గదా. నాకు తెల్వదనుకుంటున్నవా?"

ఆయన చూశాడన్నదే కృపకు తెలియదు. ప్లేటు కొంచెం వెనక్కి జరిపి అన్నది.

"సగమే నడిచిన తొవ్వ అది. మిగిలిన సగం షారోన్ నడువాలె, లేకపోతె ఎవరన్న నడువాలె. శనివారం శనివారం నేను చేవెళ్ల షారోన్ ఇంటికి పోత. పొద్దటి బస్సుకు పోయి సాయంత్రం వస్త. ఆ దినం వంట మీరు చూసుకోన్రి."

"ప్రతి శనివారమా?" అన్నది పద్మమ్మ. "నేర్చుకునేటోళ్లు ఎంతమందొస్తరు నీ దగ్గరికి?"

"తెల్వదు అత్తమ్మ. ఎవరు వచ్చినా పక్కన కూసుంట, అడిగితె చెప్త. ఏం అడిగిన్రో అది పాఠంల రాస్త. ఇగ అడిగేటోళ్లు ఎవరు లేరు అన్ననాడు పెట్టుమంట."

షారోన్ బిడ్డ నోట్లో మెతుకులు పెడుతూ తల ఎత్తలేదు. "నేను కూసుంటనని ఎవరన్నరు?"

"ఎవరనలే. నువ్వు కూసోకపోతె మీ ఇంట్లనే నేనొక్కదాన్నే కూసుంట. శనివారం వస్తున్న," అన్నది కృప.